కామా కాడ ఒక ఊపిరి

ఇరవై రెండేండ్లు ఆటోకు మైకు కట్టుకొని
ములుగు రోడ్డు కాడికెళ్లి కరీమాబాదు దాక
తిరిగింది నా గొంతే.
సర్కసొచ్చిందన్నా, చీరల మీద తగ్గింపన్నా,
తప్పిపోయిన పిలగాడు పచ్చ అంగీ తొడుక్కున్నడన్నా
జనం తల ఎత్తింది నా మాటకే.
పోయినేడు నుంచి గిరాకీ లేదు.
మైకు గొట్టంల కోడి గుడ్లు పెడుతున్నది.

ఎనుమాముల మార్కెట్ ఎదురుంగ విత్తనాల దుకాణం.
మీది అంతస్తుల మండిబజార్ పిల్ల ఆరిఫా
తెర మీద డబ్బాలు గీస్తది.
ఒక డబ్బాల రైతుల పేర్లు, నంబర్లు,
నిరుడు ఎవరు ఏ గింజ కొన్నరో అది.
గీత గీస్తె రెండో డబ్బాల మాట తయారు.
ఇంకో గీత, మాటకు గొంతు.
ఆఖరి డబ్బ ఫోను చేస్తది.
"ఒక్క ముక్క కోడ్ రాయలె కాకా" అంటది,
కొత్తవాడల తెగిన పోగు ముడేసినంత అల్కగ.

నన్నెందుకు పిలిచిండ్రంటే
గొంతు మంచిగనే ఉన్నది, కడిగిన గిన్నె లెక్క నున్నగ,
కని కొమురయ్యను రెండు ముక్కలు చేస్తున్నది.
పరకాల అంటే ఎవరిదో పరాయి కాలన్నట్టు.
తేజ మిర్చి అంటే
తేజా! అని ఎవరినో కేకేసినట్టు.
నేను పలికి చూపెడుత, ఆమె అక్షరాలు మారుస్తది.
ఈడ దీర్ఘం గుంజు. ఈడ ఒత్తు తీసెయ్.
మూడు దినాలు గదే పని.

అయినా ఏదో తక్కువ.
కండ్లు మూసుకొని విన్నంక తెలిసింది,
గది ఊపిరి తీస్తలేదు.
చౌరస్తల లారీ హారన్ కొడితే ఆగుతుంటి నేను.
చాయ్ గుటక కోసం ఆగుతుంటి.
ఆ ఆగుట్లనే జనం నా దిక్కు తిరుగుతుండె.
"పేరు అయినంక కామా పెట్టు బిడ్డా" అన్న.
పెట్టింది.
కొమురయ్యన్నా,
గంత చిన్న తోక.
మిషిను ఆగింది.
నా చేతుల మీద రోమాలు లేచినయి.

పొద్దుగూకి ఆరింటికి మీట నొక్కింది.
నాలుగు వేల మూడు వందల పన్నెండు ఫోన్లు.
వర్ధన్నపేటల బర్రె పాలు పిండేటోనికి,
నర్సంపేట బస్సుల నిలవడ్డోనికి
ఒక్కటే గొంతు, పేరు పేరునా.
ఇరవై రెండేండ్ల నా డీజిలు
కండ్ల ముంగటనే ఆవిరైంది.

తెల్లారి ఆరిఫా ఏదో మూలకు నొక్కితే
అండ్ల జవాబులు దొరికినయి.
తన మాట కాంగనే మిషిను పోయిందట,
వాళ్లు మాట్లాడుతనే ఉన్నరు.
"అన్నా, రెండు ప్యాకెట్లు పక్కకు పెట్టు,
పత్తి పైసలు చేతికి రాలె."
"తిన్నవా?"
"కొమురయ్య లేడు. కౌలు నేనే చేస్తున్న.
ఇగ నా పేరు రాసుకో, ఎల్లవ్వ.
మీ గింజ సగం మొలవలె, అది గూడ రాసుకో."

గీసిన బొమ్మల దీనికి డబ్బ లేదు.
గీతలన్నీ పోయేటియే.
నిజం చెప్పాలంటే నా ఆటోకు గూడ లేకుండె.
ఇరవై రెండేండ్లల్ల బండి ఆపి
ఎవని మాటా విన్నోన్ని కాదు.

ఆరిఫా ఇంకో డబ్బ లాగి పెట్టింది.
అండ్ల ఏం నింపాల్నో తెల్వక
మౌసు పట్టుకొని ఊకె కూసున్నది.
నా నంబరు చెప్పిన.

ఇప్పుడు రోజూ ఏడింటికి నా ఫోను మోగుతది.
నెలకు ఎంతిస్తడో సేటు ఇంకా తేల్చలె.
నిన్న ఎల్లవ్వ అడిగింది,
"ఆ పొద్దు పిలిచింది నువ్వేనా?
గొంతు వేరే ఉన్నదే."
గొంతు నాది కాదవ్వా, కామా నాది అన్న.
"గదేంది?"
చెప్పబోయి ఆగిన.
అటుకెళ్లి మోటరు సప్పుడు, కుక్క అరుపు.
"సరే గని" అన్నది,
"ముందు ఆ గింజ సంగతి చెప్పు."